వావిలాకు నీళ్ళు

మా చిన్నప్పుడు... పెదపాడులో మా పెరటి గోడ పక్కన ఒక వావిలి ఉండేది. చెట్టంటే చెట్టూ కాదు, మొక్కంటే మొక్కా కాదు. మనిషెత్తు దాటితే చాలు, నానమ్మ కొడవలి పట్టుకుని పైకొమ్మలు కొట్టేసేది. "చేతికందని ఆకు ఎవరికి పనికొస్తుందే?" అనేది.

వీధిలో ఎవరింట్లో పురుడైనా ఆకు మా పెరట్లోంచే వెళ్ళేది. కాగులో వావిలాకు మరగబెట్టి, ఆ నీళ్ళతో బాలింతకు స్నానం... ఒళ్ళునొప్పులు లాగేస్తాయని. కొమ్మలు విరవడం నా పని. అన్నం తింటున్నా చేతులు అదే వాసన.

ఒక వానాకాలం మా చిన్నత్త, అంటే నాన్న చెల్లెలు, పురిటికి మా ఇంటికి వచ్చింది. కూతురి కోసమని నానమ్మ ఆ నెలంతా ఎవరినీ ఆకు ముట్టనివ్వలేదు. అత్త ఏలూరు ఆసుపత్రికి వెళ్ళి, నాలుగో రోజున వట్టి చేతులతో తిరిగొచ్చింది.

నానమ్మ అరుగు మీద కూర్చుండిపోయింది. పొయ్యి వెలగలేదు. ఆకు కొయ్యాలో వద్దో ఎవరిని అడగాలో నాకు తెలియలేదు. ఏడుపూ రాలేదు.

పక్కింటి టైలరు గారి భార్య బేగం గారు పిలవకుండానే వచ్చారు. వాళ్ళమ్మాయి పురుళ్ళన్నిటికీ మా ఆకే. తనే కొమ్మలు కోసి, పొయ్యి మీద కాగు పెట్టారు.

"ఇప్పుడెందుకండీ ఇదంతా..." అంది నానమ్మ.

"బిడ్డ లేకపోతే మాత్రం, అమ్మాయి బాలింత కాదేంటండీ?"

ఆ నీళ్ళు ఒంటి మీద పడ్డాకే అత్త మొదటిసారి ఏడ్చింది. నేను పొయ్యి దగ్గర కూర్చుని విన్నాను.

ఇప్పుడు ఏలూరులో మా గేటు పక్కన ఆ చెట్టు కొమ్మే నాటుకున్నాను. మనిషెత్తు దాటనివ్వను. నర్సరీ అతను అది పీకేసి పామ్ మొక్కలు వేసుకోమంటాడు... నేను వినను. అయితే ఆకు కోసం వచ్చేవాళ్ళే లేరు.

పోయిన నెల మా పైవాటాలో అద్దెకున్న అమ్మాయి కూడా ఆసుపత్రి నుంచి వట్టి చేతులతో వచ్చింది. ఆకు కోశాను. మెట్ల దాకా వెళ్ళాను. ఏమనుకుంటారో, మనకెందుకులే అనుకుని ఆగిపోయాను... ఆకు ఆ మెట్టు మీదే ఎండిపోయింది. నాకు ఇప్పుడూ ఏడుపు రాలేదు.

మీ వీధిలో పిలవకుండా వచ్చి పొయ్యి వెలిగించినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే చెప్పండి... పిలవని గడప వాళ్ళు ఎలా దాటారో కూడా చెప్పండి.