పిచ్చుక వేసిన కేక

పెళ్లినాడే వాళ్లిద్దరికీ పేర్లు పడ్డాయి. ఆయన దూలం, ఆమె పిచ్చుక. ఫొటో తీసేవాడు ఇద్దర్నీ ఒక్క బొమ్మలో ఇరికించలేక చివరికి ఆమెను పీట ఎక్కించాడు. దూలం గోదాములో బరువులెత్తే ముఠాకి మేస్త్రీ. ఇనప బీరువా కానీ, యంత్రం కానీ, తలా ఒక మూల పట్టుకుని నిలబడ్డాక ఆయన ఒక్క కేక వేసేవాడు. ఆ కేకకే అన్ని చేతులూ కలిసి లేచేవి. కేక పడకముందే ఎత్తినవాడికి ఆ పూట తిట్లే భోజనం. పిచ్చుక ఇంట్లో కూర్చుని దర్జీ కొట్లకి చొక్కాల కాజాలు కుట్టేది.

ఆమెకి ప్రార్థన లేనిదే పొద్దుపోదు. ఆయనకి అదంతా పరాచికం. ఆదివారం ఆమెను చర్చి గేటు దాకా దింపి, తను మాత్రం ప్రహరీగోడ మీద కాళ్లూపుకుంటూ కూర్చునేవాడు. కాపురం కొత్తలో ఒకసారి ఆమె గొంతెత్తి ప్రార్థన చేసుకుంటుంటే, "మీ దేవుడికి చెవుడా ఏంటే, అంతలా అరుస్తున్నావు?" అన్నాడు. నవ్వులాటకే అన్నాడు, మర్నాటికి మర్చిపోయాడు కూడా. ఆమె మర్చిపోలేదు. అప్పట్నుంచి ఇంట్లో పెదవి కదలకుండా ప్రార్థించడం అలవాటు చేసుకుంది.

అలాంటి దూలం ఒక పొద్దున పనికి బయల్దేరుతూ గడపలోనే కూలిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యీ, కుడి కాలూ పడిపోయాయి, మాట ముద్దయిపోయింది. ఆస్పత్రి నుంచి తెచ్చి ఇనప మంచం మీద పడుకోబెట్టాక ఆయన గోడవైపు మొహం తిప్పేసుకున్నాడు. బాగున్న ఎడమ చేతిని సైతం దుప్పటి కింద దాచేసుకున్నాడు. తినిపిస్తే తినేవాడు, లేకపోతే అడిగేవాడు కాదు. ఆ చెయ్యి కూడా పోయిందనే అనుకుంది పిచ్చుక.

మొదట్లో ఇల్లంతా మనుషులే. మరిది రోజూ వచ్చేవాడు. ముఠావాళ్లు వంతులేసుకుని వచ్చి పక్క మార్చేవాళ్లు. చర్చివాళ్లు వచ్చి పాటలు పాడి వెళ్లేవాళ్లు. రానురాను పలచబడ్డారు. ఎవరి బతుకు వాళ్లది, దానికి తప్పుపట్టలేం. కానీ వెళ్తూ వెళ్తూ అందరూ ఒకే మాట అనేవాళ్లు చూడండి, అదే మింగుడుపడదు.

"నీకేం వదినా, నీకు దేవుడున్నాడు," అన్నాడు మరిది, చెప్పుల్లో కాళ్లు దూర్చుతూ.

దేవుడున్న ఇంటికి ఇక మనుషులు వెళ్లనక్కర్లేదని వీళ్లకి ఎవరు చెప్పారో! తన భారం దేవుడి మీద వేసుకోవడం ఆమె విశ్వాసం. ఆమెను దేవుడి మీద పడేసి చేతులు దులుపుకోవడం వీళ్ల వాటం.

చూడ్డానికి వచ్చిన నర్సమ్మ ఆయన నడుము కింద కమిలి చిట్లిన చోటు చూసి మొహం చిట్లించింది. "పుండు పడుతోందమ్మా. గంట గంటకీ ఒత్తిగిలించాలి. అది ఎముకదాకా దిగిందంటే ఇక మనిషి దక్కడు."

"ఒక్కదాన్నే ఎలా తిప్పనమ్మా ఇంత మనిషిని?"

"ఎవర్నైనా పిలుచుకోండి. ఇంకొక్క చెయ్యి పడితే చాలు."

పిలిచింది. మరిది రేపొస్తానన్నాడు. ఆ రేపు రాలేదు. పాస్టరుగారిని అడిగితే, "సంఘమంతా ప్రార్థిస్తున్నామమ్మా," అన్నారు.

"ప్రార్థన నేనూ చేస్తున్నానయ్యగారూ. నాకో చెయ్యి కావాలి," అంది పిచ్చుక.

ఆయన సిగ్గుపడి, ఆ పూట వచ్చి సాయం పట్టారు. మంచివారే. కానీ ఆయన్ని పిలిచే ఇళ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి.

ఇక పిచ్చుక తనే మంచమెక్కి, మోకాళ్ల మీద కూర్చుని, దూలం వీపు కింద చేతులు దూర్చి తోసేది. నోట్లోంచి మూలుగు కూడా రానిచ్చేది కాదు. ఆయన బరువు ఆయనకి గుర్తుచేసినట్టు అవుతుందని భయం. లోలోపలే ప్రభువుని పిలుచుకునేది. ఆయన సగం లేచి మళ్లీ వెల్లకిలా పడిపోయేవాడు. పుండు పెద్దదైంది. గదిలో వాసన మొదలైంది.

ఒక మధ్యాహ్నం అలాగే తోస్తుంటే చేతులు జారాయి. ఆయన పుండు మీదే పడి గట్టిగా మూలిగాడు. ఆ మూలుగుతో ఆమె ఓర్పు తెగిపోయింది.

"ప్రభువా!" అని అరిచింది. ఎదురింటి కిటికీ తెరుచుకునేంత గట్టిగా అరిచింది. "నువ్వున్నావని చెప్పి అందరూ నన్ను వదిలేసి పోయారు. నీ పేరు చెప్పే పోయారు! నాకెవరూ లేరు. నువ్వు కూడా రాకపోతే ఈయన నా కళ్లముందే కుళ్లిపోతాడు. ఎవర్నీ పంపొద్దు, ఏమీ ఇవ్వొద్దు. ఒక్క చెయ్యి ప్రభువా, ఒక్క చెయ్యి!"

అంటూనే ఉన్న బలమంతా పెట్టి ఎత్తింది. దుప్పటి కదిలింది. దాని కిందనుంచి ఎడమ చెయ్యి బయటికొచ్చి, మంచానికి గోడవైపున్న కమ్మీని పట్టుకుని లాగింది. ఆ కొండంత మనిషి ఒత్తిగిలి, ఒత్తిగిలినట్టే నిలిచాడు. పిచ్చుక ఆ చేతిని చూస్తూ ఉండిపోయింది.

"కేక వెయ్యకుండా... ఎవరైనా బరువెత్తుతారటే?" అన్నాడాయన, ముద్దమాటల్లో, గోడకేసి చూస్తూనే. "ఇన్నాళ్లూ... మూగగా లాగావు."

ఆమెకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "నేను పిలిచింది నిన్ను కాదయ్యా. ఆయన్ని."

"వినబడింది. చెయ్యి ఉన్నవాడు... లేవాలి కదా."

ఆ రోజు ఆమె మంచం పక్కనే మోకరించి చాలాసేపు ఏడ్చింది. తను పక్కవీధుల్లో వెతికిన చేతిని ప్రభువు తన మంచం మీదే దాచి ఉంచాడని ఆమె నమ్మకం. కాదనడానికి నేనెవర్ని?

ఆ తర్వాత ఆ వీధికి ఆ కేక అలవాటైపోయింది. ఆయన చర్చికి వెళ్లలేదు, పాట పాడలేదు. కానీ ఆమె మరిచిపోయి కేక లేకుండా ఎత్తబోతే కమ్మీ పట్టుకుని బిగదీసుకునేవాడు. "ఊఁ, పిలువు ఆయన్ని," అనేవాడు. పుండు మెల్లగా మానింది. దూలం ఇంకా కొన్నేళ్లు బతికి, ఒక తెల్లవారుజామున నిద్రలోనే గుండె ఆగి పోయాడు.

స్నానం చేయించిన ముఠావాళ్లు ఆయన వీపు చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏళ్లతరబడి మంచాన పడున్న మనిషి వీపు మీద పాతమచ్చ తప్ప ఏమీ లేదు. మరిది తల దించుకుని అవతలికి వెళ్లిపోయాడు.

పాస్టరుగారు ప్రార్థన ముగించారు. ముఠావాళ్లూ మరిదీ వంగి తలా ఒక మూల పెట్టెను పట్టుకున్నారు. పట్టుకుని, అలాగే ఉండిపోయారు. ఎన్నో ఏళ్ల అలవాటు, కేక పడందే చేతులు లేవవు. కేక వేసే మనిషి పెట్టెలో ఉన్నాడు. ఆయన బదులు కేక వెయ్యడానికి ఎవరికీ మనసొప్పలేదు.

పిచ్చుక వచ్చి పెట్టె మీద అరచెయ్యి ఆనించింది.

"ప్రభువా," అంది గొంతెత్తి, "ఒక్క చెయ్యి!"

పెట్టె నాలుగు మూలలా ఒక్కసారే లేచింది.