రెండున్నర చీపుళ్ళు

మా అత్తగారికి ఊరికే కూర్చోవడం చేతకాదు. టీవీ చూస్తున్నా ఒళ్ళో కొబ్బరాకులు ఉండాలి, చేతిలో చిన్న కత్తి ఉండాలి. కత్తి ఒక్కసారి జారిందంటే ఆకు ఒకవైపు, ఈనె ఒకవైపు. చూస్తుండగానే చీపురు తయారు. పెళ్ళికి ముందు నుంచీ పెద్ద రైతుల కొబ్బరి తోటల్లో పని చేసి, ఆ రెక్కల కష్టంతోనే కొడుకుని చదివించిన మనిషి. ఆ కొడుకే మా ఆయన. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఇంట్లో ఉన్నది ముగ్గురమే, చీపుళ్ళు మాత్రం పదకొండు. "ఇన్నెందుకండీ అత్తయ్యగారూ?" అంటే, "ఉంటే చేదా అమ్మా?" అనేవారు. ఆ చీపుళ్ళ మీద నేను వేసిన జోకులకి లెక్క లేదు. ఇప్పుడు వెయ్యను.

రెండేళ్ళ కిందట ఒక రోజు పొద్దున్నే ఆవిడ కళ్ళు చూపించడానికి అమలాపురం బయల్దేరాం. మా పక్కింటాయన రొయ్యల చెరువుల ఆసామి. వీధిలో పెద్ద మేడ ఆయనదే. ఆ గేటు దగ్గర నీడగా ఉంటుందని అక్కడ నిలబడి ఆటో కోసం చూస్తున్నాం. ఇంతలో ఒక వ్యాన్ వచ్చి ఆగింది. ముందు సీట్లోంచి ఒక బట్టతల మనిషి తొంగి చూసి, "ఆసామిగారు పంపించేరండీ, ఎక్కండి," అన్నాడు. పక్కింటాయన ఎంత మర్యాదస్తుడో అనుకున్నాం. పంపించాక ఎక్కకపోతే బాగోదు కదా. నవ్వుతూ ఎక్కాం. థాంక్స్ కూడా చెప్పాం.

వ్యాన్ అమలాపురం రోడ్డు వదిలి కాలవ గట్టు ఎక్కాక మా కళ్ళకి గంతలు కట్టేశారు, నా ఫోన్ లాక్కున్నారు. తిప్పి తిప్పి ఒక కొబ్బరికాయల షెడ్డులో దింపి గంతలు విప్పారు. వాళ్ళకి కావలసింది పక్కింటాయన తల్లీ, భార్యా అని అప్పుడు అర్థమైంది. ఆ గేటు ముందు నిలబడ్డ పాపానికి వాళ్ళం మేమే అనుకున్నారు. మేం కాదండీ బాబూ, నేను టీచర్ని అని నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. "అందరూ అలాగే అంటారండీ మేడంగారూ," అన్నాడు బట్టతల మనిషి. మా కోనసీమలో మనిషిని ఎత్తుకుపోయేవాడు కూడా అండీ అనకుండా ఎత్తుకుపోడు.

వ్యాన్ తోలిన రెండోవాడికి దగ్గు. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కాస్తూ దగ్గుతున్నాడు. నేను ఏడుస్తున్నాను. అత్తగారు వాడికి వాము నమలమని సలహా చెబుతున్నారు. సాయంత్రం దగ్గర్లోని చర్చి మైకులో ఎవరో ప్రకటన చేశారు: ఎడమ కొమ్ము విరిగిన గేదె తప్పిపోయింది, చూసినవాళ్ళు దయచేసి తెలియజేయండి అని. "పాపం, ఎవరిదో," అన్నారు అత్తగారు. మా సంగతి వదిలేసి గేదె మీద జాలిపడుతున్నారేమిటా అని నాకు ఒళ్ళు మండింది.

మర్నాడు పొద్దున్న ఆవిడ షెడ్డులో పడి ఉన్న కొబ్బరాకులు చూపించి దగ్గు మనిషిని అడిగారు. "బాబూ, ఓ చిన్న చాకు ఇప్పిస్తారా అండీ? ఈ ఆకులకి ఈనెలు తీసుకుంటాను. ఊరికే కూర్చోలేకపోతున్నాను." వాడు జేబులోంచి చాకు తీసి ఇచ్చాడు. నా ఏడుపు టక్కున ఆగిపోయింది. ఇప్పుడేం చేస్తారో అని చూస్తుంటే, ఆవిడ నిజంగానే ఈనెలు చీరడం మొదలుపెట్టారు. కట్టడానికి తాడు లేదు. తన ఆకుపచ్చ చీరకున్న ఎర్రంచు చింపి దానితో కట్టారు. ఒకటి అయింది. రెండోది అయింది. మూడోదానికి ఈనెలు కూడగట్టి గుప్పిట పట్టుకునేసరికి దగ్గు మనిషి లేచి వచ్చి, ఆవిడ చేతుల వంక అలా చూస్తూ నిలబడిపోయాడు. తర్వాత బట్టతల మనిషిని కేకేశాడు.

"బావా, చెరువుల ఆసామి తల్లికి ఈ పనెలా వస్తాది? ఈవిడ ఆవిడ కాదు. మనం పొరబడ్డాం."

మేం నోటితో ఎంత చెప్పినా నమ్మనివాళ్ళు ఆ చీపుళ్ళని నమ్మారు. మళ్ళీ గంతలు, మళ్ళీ వ్యాన్. మధ్యాహ్నానికి గంతలు విప్పి కొత్తపేట దగ్గర రోడ్డు పక్కన దింపి, ఫోన్ నా చేతిలో పెట్టి, "ఏమీ అనుకోకండి, పొరపాటైపోయింది," అన్నాడు బట్టతల మనిషి. "పర్లేదండీ, వెళ్ళొస్తాం," అన్నారు అత్తగారు. అలవాటు కొద్దీ నోటికి వచ్చేసింది. పక్కనే ఆటో ఆపుకుని ఉన్న డ్రైవర్ అంతా విన్నాడు. మేం ఎక్కింది కూడా ఆ ఆటోయే.

సరాసరి స్టేషన్‌కి వెళ్ళాం. అక్కడి ఎస్సైగారు వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చినవారు. ఓపిగ్గానే విన్నారు. రెండు రోజుల్లో పక్కింటి గేటు మీద ఉన్న కెమెరా చూశారు, ఆటో డ్రైవర్ని పిలిపించి అడిగారు. ఆ తర్వాత మమ్మల్ని పిలిచి కానిస్టేబుళ్ళందరి ముందూ ఏకరువు పెట్టారు.

"నవ్వుతూ ఎక్కారు. థాంక్స్ చెప్పారు. అడగ్గానే చాకు ఇచ్చారంటున్నారు. దిగేటప్పుడు వెళ్ళొస్తామన్నారు. దీన్ని కిడ్నాప్ అంటారా, చుట్టపుచూపు అంటారా?"

వ్యాన్ నంబర్ మీద బురద పూసి ఉంది కాబట్టి కెమెరాలో మా నవ్వు తప్ప ఇంకేమీ పనికొచ్చేలా పడలేదు.

"అమ్మా, చాకు చేతిలో ఉంది కదా. వాడి మీదకి ఎందుకు వెళ్ళలేదు?" అని అత్తగారిని అడిగారు.

"ఈనెలు తీసుకుంటానని పుచ్చుకున్నానండీ. మాట తప్పితే బాగుంటాదా?"

ఎస్సైగారు నా వైపు తిరిగారు. "ఇన్నేళ్ళ సర్వీసులో అత్తా కోడలూ ఒకే మాట చెప్పడం ఇదే చూడటం. ముందే అనుకుని వచ్చారు."

నిజానికి ఒక్కచోట మా మాట కలవలేదు. మూడు చీపుళ్ళు కట్టారని నేను చెప్పాను. "మూడు కాదమ్మా, రెండున్నర. మూడోదానికి ముడి పడలేదు," అని ఆవిడ దిద్దారు. లెక్కల టీచర్ని నేను. కానిస్టేబుళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు.

మాకు దిక్కుగా నిలబడేవాళ్ళూ లేరు. పక్కింటాయన భయపడి, తనకి శత్రువులే లేరని తప్పుకున్నాడు. మా ఆయన కాకినాడలో ట్రైనింగ్‌లో ఉన్నారు. ఫోన్ ఎత్తకపోతే రాజోలులో మా పుట్టింటికి వెళ్ళామనుకుని హాయిగా ఉన్నారు. ఆ రెండు రోజులూ మమ్మల్ని వెతికిన మనిషి లేడు. ఇక వీధిలోవాళ్ళు తలొక కథ అల్లారు. కూరలో ఉప్పు దగ్గర నుంచి ఓటు దాకా దేనికీ కలవని మేమిద్దరం కలిసి షికారు వెళ్ళామని ఎలా నమ్మారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వారం తర్వాత ఎస్సైగారు మళ్ళీ పిలిచి ఒక కాయితం ముందు పెట్టారు. పొరపాటున ఫిర్యాదు చేశాం, వెనక్కి తీసుకుంటున్నాం అని అందులో ఉంది. ఇద్దరూ సంతకం పెడితే సరే, లేకపోతే తప్పుడు ఫిర్యాదు ఇచ్చినందుకు మా మీదే కేసు పెడతానన్నారు. "మీరు గవర్నమెంట్ టీచర్. ఉద్యోగం సంగతి చూసుకోండి," అన్నారు.

నేను చూసుకున్నాను. సంతకం పెట్టేశాను. పెన్ను అత్తగారికి అందించాను.

ఆవిడకి సంతకం నేర్పింది నేనే. కాపురానికి వచ్చిన కొత్తలో వరండాలో పలక పెట్టుకుని, ఇంటిపేరుతో సహా రాయడం వచ్చేదాకా కూర్చోబెట్టాను. అది వచ్చాక ఆవిడ వేలిముద్ర వేయలేదు. ఆ రోజు పెన్ను మాత్రం పుచ్చుకోలేదు.

"నువ్వు నేర్పిన సంతకమే కదమ్మా. జరిగినదాన్ని జరగలేదని పెట్టమంటే నా చెయ్యి తిరగదు," అన్నారు నెమ్మదిగా. తర్వాత ఎస్సైగారితో, "ఇంటికి పట్టుకెళ్ళి, తీరిగ్గా చదివించుకుని వస్తామండీ," అని ఆ కాయితం మడిచి సంచిలో పెట్టుకుని లేచారు. అంత మర్యాదగా చెప్పేసరికి ఆయన కాదనలేకపోయారు. ఆ కాయితం స్నానాల నీళ్ళ పొయ్యిలోకి పోయింది. నా సిగ్గు ఎక్కడికీ పోలేదు.

"గేదెని వెతుకుదామా అమ్మా?" అన్నారు ఆవిడ మర్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం ఆగలేకపోయాను. మమ్మల్ని ఉంచిన ఊరు తెలియదు, దారి తెలియదు. ఎడమ కొమ్ము విరిగిన గేదె ఏ ఊళ్ళో తప్పిపోయిందో తెలిస్తే చాలు! ఆదివారం ఆరాధన అవ్వగానే ఆవిడని స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాను. ఊరూరా ఆగి అడగడమే. "కొమ్ము విరిగిన గేదె ఇక్కడేమన్నా తప్పిపోయిందా అండీ?" ఎంత ఆదరించారని! మంచినీళ్ళు ఇచ్చారు, కొబ్బరి బొండాలు కొట్టారు. పూటకి ఎన్ని పాలిచ్చేదని అడిగారు, దిగులు పడొద్దన్నారు. "తప్పిపోయింది మా గేదె కాదండీ, మేమే," అని అత్తగారు చెబితే నోరు తెరిచి చూశారు. గేదె పోయిందంటే నమ్మని ఊరు లేదు. మనుషులం పోయామంటేనే సాక్ష్యాలు కావాలి.

నాలుగో ఆదివారం, అల్లవరం దాటాక ఒక పల్లెలో, ఒక పెద్దాయన పశువుల పాకలోంచి బయటికొచ్చాడు. "మాదేనండీ. దొరికింది కూడాను. రండి చూద్దురు గాని," అని పాకలోకి తీసుకెళ్ళాడు. ఎడమ కొమ్ము సగానికి లేదు. నాకు ఆ గేదెని కౌగిలించుకోవాలనిపించింది.

అక్కడికి దగ్గర్లోనే చర్చి, చర్చి వెనక తోట, తోటలో షెడ్డు. ఎవరో అద్దెకి తీసుకున్నారట, నెల రోజులుగా తాళం వేసి ఉందట. గోడకి చేరేసి ఒక చీపురు కనిపించింది. దాని నడుముకి ఎర్రంచు. నేను పరిగెత్తబోతే అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపారు. "ముట్టుకోకు. పోలీసులే వచ్చి చూడాలి."

సోమవారం అమలాపురంలో అర్జీలు తీసుకునే పై అధికారి దగ్గరికి వెళ్ళాం. ఆ ఆఫీసరుగారు గేదె సంగతి రెండుసార్లు చెప్పించుకుని నవ్వారు. అత్తగారు సంచిలోంచి అంచు చిరిగిన ఆకుపచ్చ చీర తీసి బల్ల మీద పెట్టాక నవ్వడం మానేశారు. ఆ మధ్యాహ్నమే ఎస్సైగారిని మాతో పంపించారు.

షెడ్డు తాళం తీయించారు. బయట ఒక చీపురు. తలుపు వెనక ఇంకొకటి. లోపల మూలన, గుప్పెడు ఈనెలు కూడగట్టి, పక్కన ఎర్రంచు పీలిక, ముడి లేకుండా. ఎస్సైగారు దాని ముందు గొంతుక్కూర్చున్నారు.

"రెండున్నర," అన్నారు మెల్లగా.

షెడ్డు అద్దెకి తీసుకున్న బట్టతల మనిషి పది రోజుల్లో దొరికాడు, వాడి వెనకే దగ్గు మనిషీ దొరికాడు. దగ్గు కాస్త తగ్గిందట. ఎస్సైగారు మమ్మల్ని పిలిపించి, అదే కానిస్టేబుళ్ళ ముందు లేచి నిలబడ్డారు. "పెద్దమ్మగారూ, మిమ్మల్ని నమ్మకపోవడం నా తప్పు," అన్నారు. అత్తగారు "ఆయ్," అన్నారు. పర్లేదు అనలేదు. ఎత్తుకుపోయినవాళ్ళతో పర్లేదన్న మనిషి ఎస్సైగారితో మాత్రం అనలేదు. కొత్త స్టేట్‌మెంట్ చదివించుకుని, అందులో మూడు అని ఉన్నచోట కొట్టించి రెండున్నర అని రాయించి, ఇంటిపేరుతో సహా సంతకం పెట్టారు. అది పూర్తయ్యేదాకా స్టేషన్‌లో అందరూ ఆగారు. కేసు కోర్టులో ఇంకా నడుస్తోంది. ముడి పడని చీపురు అక్కడే ఉంది.

ఆ ఆదివారం చర్చిలో ఆవిడ సాక్ష్యం చెప్పడానికి లేచారు. మైకు పట్టుకుని వ్యాన్ దగ్గర నుంచి గేదె దాకా అంతా చెప్పారు. జనం నవ్వారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. కాయితం దగ్గరికి వచ్చేసరికి నేను తల దించేసుకున్నాను. పక్కనే మా ఆయన ఉన్నారు. ఆయనకి ఆ సంగతి తెలియదు.

"సంతకం పెట్టమన్నారండీ," అన్నారు అత్తగారు. "మా కోడలూ నేనూ, ఇద్దరం పెట్టం అన్నాం."

మా ఆయన గర్వంగా నా వైపు చూశారు. రెండున్నరని మూడు అనని మనిషి, దేవుడి ముందు మైకులో నా కోసం ఒకరిని ఇద్దరు చేశారు. ఆ రోజు చెప్పనిది ఇప్పుడు చెబుతున్నాను. సంతకం పెట్టాను. నేను పెట్టాను, ఆవిడ పెట్టలేదు.