చిన్న రెండు జతలు

ఆండర్సన్‌పేటలో మా మేనమామ పోయారు. సోమవారం పొద్దున అత్త ఫోన్ చేసి, "మీ మామ ఇంగ లేరు పాపా" అని మాత్రం అంది. రాబర్ట్‌సన్‌పేటలో మా బట్టల కొట్టు షట్టరు అప్పుడే సగం ఎత్తాను. మళ్ళీ దించేసి ఆటో ఎక్కాను.

మామ కోలారు బంగారు గనిలోకి మనుషుల్ని దించే ఇంజిను నడిపినవారు. పోకరాట ఆయనకు గని క్లబ్బులో అబ్బింది, మాకు వాళ్ళింటి వరండాలో నేర్పారు. ఆదివారం భోజనాలయ్యాక ఆయన, అత్త, నేను, పక్కింటి తమిళ పెద్దాయన చాప మీద చేరేవాళ్ళం. మనిషికి అయిదు ముక్కలు. ఒక విడత పందెం, తర్వాత వద్దనుకున్న ముక్కలు మార్చుకోవడం, మళ్ళీ ఒక విడత పందెం. పందేనికి చింతగింజలు. ఎంత మంచి ముక్కలొచ్చినా ఒకసారికి రెండు గింజలకు మించి పెంచకూడదు.

"రాజులు మూడొస్తే ఎవడైనా ఆడతాడు" అని గొప్ప ముక్కల్ని కొట్టిపారేసేవారు. ఆయన పాఠమంతా మధ్యరకం ముక్కల మీదే. ఒకసారి నాకు రెండు అయిదులు, రెండు ఎనిమిదులు వచ్చాయి. పెంచాలా వద్దా అని గింజలు నలుపుతూ కూర్చుని, ముక్కలు మార్చుకున్నాక ధైర్యం తెచ్చుకుని పెంచాను. మార్పిడిలో మూడో జాకీ వచ్చి నా రెండు జతల్ని మించిపోయిన పెద్దాయన నవ్వుతూ పరిచారు.

"పెంచేదుంటే మొదట్లోనే పెంచల్ల పాపా" అన్నారు మామ. "అప్పటికి నీవే పెద్దవి. మార్చుకునేదానికి టైమిస్తే ఎవరికో ఒకరికి ఇంకా మంచివి వస్తాయి. కడాన పెంచితే నిన్ను గెలిచేవాడే నిలబడతాడు."

"భయమేస్తాది మామా."

"ఏస్తాది. ఏసినా పెంచు."

ఇంత చెప్పిన మనిషికి పోయిన ఏడాది పేగులో గడ్డ ఉందని తేలింది. కోలారు డాక్టరు వెంటనే కోసి తీసేద్దామన్నారు. బతకడానికి సగం, బతకకపోవడానికి సగం అని దాచకుండా చెప్పారు. మామ మాత్రం, "ఇంకొక స్కాను చూద్దామప్పా" అన్నారు. అత్త బతిమాలింది, నేను పోట్లాడాను. మూతబడ్డ గని మళ్ళీ తెరుస్తారని ఏళ్ళ తరబడి కాచుకున్న ఊరు మాది, కాచుకోవడం మాకు ఒంటికి పట్టేసింది. స్కాను తర్వాత స్కాను అయింది. ఆఖరికి ఆయనే చేయించుకుంటానని అన్నప్పుడు, కాలేయం దాకా పాకింది, ఇంక కత్తి పెట్టలేమన్నారు. ఆయన మీద నాకు ప్రేమ ఎంతుందో కోపమూ అంతే ఉంది. రెండూ తగ్గలేదు.

దినాలయ్యాక వచ్చిన ఆదివారం అత్తే చాప పరిచింది. ముగ్గురం కూర్చున్నాం. అత్త ముక్కలు పంచింది. పెద్దాయన రెండు గింజలు వేశారు, నేనూ రెండు వేశాను. అత్త తన ముక్కలు చూసుకుని, మార్పిడికి ముందే ఇంకో రెండు పెంచింది. మామ ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా పెంచని మనిషి.

"నాకు వద్దమ్మా" అని పెద్దాయన ముక్కలు కింద పెట్టేశారు. నేనూ పెట్టేశాను.

అత్త తనవి వెల్లకిలా పరిచింది. రెండు నాలుగులు, రెండు ఏడులు.

"ఇంతే గదా మనం ఆయన్ని చేయమనింది" అంది.

గెలిచిన గింజలు మాత్రం తీసుకోలేదు. అవి చాప మధ్యలో అలాగే ఉండిపోయాయి. అత్త వాటినే చూస్తూ కూర్చుంది.