సీరమ్మ పేపరు

ఆ పరిశోధనాలయంలో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. అందరూ సీరమ్మ అనే అంటారు. రక్తం గడ్డకట్టాక పైన తేలే పసుపుపచ్చని నీటిని సీరం అంటారు. ముప్పై ఏళ్లుగా ఆ సీసాలతోనే కాపురం చేస్తోంది కనుక ఆ పేరు పడింది. ఎదురుగా అలా పిలిచే ధైర్యం డైరెక్టరుకు కూడా లేదు. ఆమెకు ఆ సంగతి ఎప్పుడో తెలుసు. పేరు నచ్చింది కాబట్టి తెలియనట్టు ఊరుకుంది.

ఆమె రోగనిరోధక శాస్త్రంలోకి వచ్చింది చెల్లెలి వల్ల. చెల్లెలికి పంతొమ్మిదో ఏట వేళ్లు వాచాయి. ఇరవై రెండో ఏటికి వంకర్లు పోయాయి. ఒంటిని కాపాడాల్సిన కణాలే దారి తప్పి కీళ్లను కొరుక్కుతింటున్నాయని డాక్టరు తాపీగా చెప్పి, నొప్పి మాత్రలు రాసిచ్చాడు. ఆ చీటీ పట్టుకుని బయటికి వస్తూ అక్క, "దీనికి మందు నేను కనిపెడతానే" అంది. ఆ వయసులో అలాంటి మాటలు అందరూ అంటారు, ఇంటికెళ్లి పడుకుని మరిచిపోతారు. ఈవిడ మరిచిపోలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మొదటి పన్నెండేళ్లూ ఏమీ జరగలేదు. పరిశోధన పేపర్లు రాసింది, అచ్చయ్యాయి, చదివిన పాపాన ఎవరూ పోలేదు. ఆ తర్వాత, ఇప్పటికి పదిహేడేళ్ల కిందట, కణాన్ని గుర్తుపట్టి అతుక్కునే ఒక యాంటీబాడీ దొరికింది. దారి తప్పిన కణాలున్న పళ్లెంలో దాన్ని వేస్తే కణాలు పగిలి చచ్చాయి. ఆరోగ్యమైన కణాలున్న పళ్లెంలో వేస్తే ఒక్కటీ చావలేదు. మరెవరి సాయమూ లేకుండా దొంగను మాత్రమే పట్టుకునే మందు అన్నమాట. ఆరుసార్లు చేసి చూసింది, ఆరుసార్లూ అదే వచ్చింది. ఏడోసారి చూడమని చెల్లెల్ని రిక్షాలో ఎక్కించుకొచ్చి, మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. "వీళ్లేనా నా వేళ్లు తిన్నవాళ్లు?" అని చెల్లెలు నవ్వింది.

ఆ పేపరుతో సీరమ్మ దశ తిరిగింది. తమ పరిశోధనకు దాన్ని ఆధారంగా చూపిస్తూ వేరేవాళ్లు రాసిన పేపర్లు ఈ ఏటికి ఏడువందల ముప్పై ఒకటి. ఆ లెక్క రోజూ పొద్దున్నే కంప్యూటరులో చూసుకునేది. పెరిగితే ఆ రోజు ఎవరినీ తిట్టేది కాదు. అదే పద్ధతిలో చేసి చూస్తే తమకు ఫలితం రాలేదని నలుగురైదుగురు రాయకపోలేదు. వాళ్ల మీద ఒంటికాలిమీద లేచేది. సీరం సరిగ్గా వేడిచేయడం చేతకానివాళ్లంతా నాకు చెప్పొచ్చారా అనేది.

ఆ వేడిచేయడం ఏమిటో చెప్పాలి. కణాలను పెంచడానికి ఆహారంగా సీరం పోస్తారు. పచ్చి సీరంలో కొన్ని ప్రొటీన్లుంటాయి. యాంటీబాడీ ఏ కణం మీద కూర్చుంటే ఆ కణం మీదికి అవి ఎగబడి దాన్ని పగలగొట్టేస్తాయి. అందుకని ముందే సీరాన్ని కరెంటు తొట్టిలో యాభై ఆరు డిగ్రీల నీళ్లలో అరగంట ఉంచి ఆ ప్రొటీన్లను పనిచేయకుండా చేయాలి. ఈ విద్యలో ఇది ఓనమాలు. ఇరవై తొమ్మిది నిమిషాలకే సీసా తీసిన విద్యార్థిని సీరమ్మ ఏడిపించిన రోజులున్నాయి.

ఒక పెద్దాసుపత్రి ఆ యాంటీబాడీని ఇంజెక్షనుగా తయారు చేసింది. అది అతుక్కునే గుర్తు ఎలుకల కణాల మీద ఉండదు కాబట్టి నేరుగా మనుషులకే ఇచ్చి చూడాలి. మొదటి జాబితాలో ఇరవై మంది. తొమ్మిదో పేరు చెల్లెలిది. వచ్చే సోమవారమే మొదలు. సరిగ్గా దానికి ముందు శుక్రవారం, ఏ ప్రయోగశాలను ఉంచాలో ఏది మూసేయాలో తేల్చే కమిటీ కూర్చుంటోంది. తన ఫైలులో పెట్టడానికి పాత ఫొటోలు వెలిసిపోయాయని, అదే ప్రయోగాన్ని మళ్లీ చేసి కొత్తవి తీయాలని సీరమ్మకు బుద్ధి పుట్టింది.

ఈసారి కణాలు చావలేదు. యాంటీబాడీ పాడైందేమోనని కొత్త సీసా తెరిచింది. చావలేదు. మూడోసారి తన చేతులతోనే అన్నీ కొలిచి పోసింది. అవి హాయిగా పెరుగుతున్నాయి. సీరమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది.

సీసాలు కడిగే పెద్దాయన ఆ పూట చేతికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. ఆమెకన్నా ముందునుంచీ అక్కడ పనిచేస్తున్న మనిషి.

"చేతికేమైంది?" అని అడిగింది.

"కొత్త నీళ్ల తొట్టి కాల్చిందమ్మా. పాతదాంట్లోంచి సీసాలు చేత్తోనే తీసేవాణ్ణి కదా. అలవాటుకొద్దీ ఇందులోనూ పెట్టేశా."

పాత తొట్టి అడుగు తుప్పుపట్టి కారుతోందని మూడు వారాల కిందటే మార్చారు. సీరమ్మ చేతిలోని పళ్లెం బల్ల మీద పెట్టింది.

"పాతదాంట్లో చెయ్యి పెట్టేవారా? ఎన్నాళ్లుగా?"

"అది వచ్చిన దగ్గర్నుంచీ. దానికంత వేడెక్కడిదమ్మా? స్నానం నీళ్లకన్నా కాస్త ఎక్కువ, అంతే."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"దానిమీద యాభై ఆరనే కనిపించేది. చదువుకున్నవాళ్లు, మీకు తెలీదా అనుకున్నా."

యాభై ఆరు డిగ్రీల నీళ్లలో చెయ్యి పెడితే బొబ్బలెక్కుతాయి. ఆ ముక్క ఎవరికైనా తెలుసు. సీరమ్మ పాత సామాన్ల గదికి వెళ్లి తొట్టిని బయటికి లాగించింది. చిల్లులో గుడ్డ కుక్కి, నీళ్లు పోసి, కరెంటు తీగ తగిలించింది. ముందున్న అంకెలు మెల్లగా ఎక్కి యాభై ఆరు దగ్గర ఆగాయి. నీళ్లలో గాజు థర్మామీటరు పెట్టింది. నలభై ఆరు. ఆ థర్మామీటరు ఇన్నేళ్లూ పక్క సొరుగులోనే ఉంది. ఒక్కనాడు తీసి ముంచి ఉంటే సరిపోయేది. పిల్లల్ని నిమిషాల కోసం ఏడిపించిన మనిషి డిగ్రీల సంగతి యంత్రానికి వదిలేసింది. ఈ విషయంలో ఆమెను వెనకేసుకు రావడం నావల్ల కాదు.

పాత తొట్టి సీరంతో కణాలు మళ్లీ చచ్చాయి. అంటే వాటిని చంపింది యాంటీబాడీ కాదు, సగం ఉడికిన సీరంలో మిగిలిపోయిన ప్రొటీన్లు. మరి ఆరోగ్యమైన కణాలు ఎందుకు బతికాయి? అవి సుకుమారమైనవి కావడంతో వాటికి అప్పట్లో కంపెనీ నుంచి ముందే వేడిచేసి వచ్చిన సీరం వాడింది. పాత నోటుపుస్తకంలో అది తన దస్తూరీతోనే రాసి ఉంది. ఇప్పుడు వాటికీ పాత తొట్టి సీరం పోసి, యాంటీబాడీ వేసి చూసింది. గంటలో ఒక్కటీ మిగల్లేదు. అంటే యాంటీబాడీ మంచి కణాల మీదా కూర్చుంటోంది.

మనిషి ఒంట్లో ఉండేది పచ్చి సీరమే. దాన్ని ఎవరూ వేడిచేయరు. ఇంజెక్షను ఇస్తే చెల్లెలి ఒంట్లో చెడ్డవాటితో పాటు మంచి కణాలూ పగులుతాయి. అది అర్థమయ్యాక సీరమ్మ సీసాలు దాచే చల్లగదిలోకి వెళ్లి, తలుపేసుకుని, నేల మీద కూలబడి ఏడ్చింది. పేపరు పోయినందుకు ఏడ్చింది. ఆ పేపరే లేకపోతే ముప్పై ఏళ్లలో తానేమీ చేయలేదని తెలిసి ఏడ్చింది. నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుందని ఒక్క క్షణం ఆలోచన వచ్చినందుకు ఇంకా ఏడ్చింది.

డైరెక్టరు అంతా విన్నాడు. "మేడమ్, శుక్రవారం కమిటీ అయిపోనివ్వండి. తర్వాత మీరు ఎవరికి ఏం రాసుకున్నా నేనడ్డు చెప్పను."

"కమిటీ అయిన మూడో రోజే ఇంజెక్షన్లు సార్."

"వాళ్ల పరీక్షలు వాళ్లు చేసుకునే ఉంటారు కదా."

"ఉండరు. నా పేపరు నమ్ముకున్నారు."

"ఒక్క తొట్టి కోసం మీ ల్యాబు పోతుంది. మీ దగ్గర చదివి బయటికెళ్లిన పిల్లల పరువూ పోతుంది. ఆలోచించుకున్నారా?"

ఆలోచించుకుంది. రాత్రంతా అదే పని. గురువారం పొద్దున్నే పేపరు అచ్చేసిన పత్రికకు ఒక ఉత్తరం, ఆసుపత్రికి ఒక ఉత్తరం కంప్యూటరులోనే పంపేసింది. ఇంజెక్షన్లు ఆపేశామని ఆసుపత్రి నుంచి మధ్యాహ్నానికే జవాబు వచ్చింది. పత్రిక నుంచి ఉలుకూ పలుకూ లేదు.

నాలుగింటికల్లా ఇంటికి చేరింది. చెల్లెలు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. వేళ్లు దువ్వెన పట్టుకోలేవు కనుక అక్క వచ్చేదాకా జుట్టు విరబోసుకునే ఉంటుంది.

"ఇవాళ పెందలాడే వచ్చావే?"

సీరమ్మ దువ్వెన తీసుకుని వెనక నిలబడింది. మొహం చూస్తూ చెప్పే ధైర్యం లేదు. చిక్కులు తీస్తూ, పెద్దాయన కాలిన చెయ్యి దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. ఇన్నేళ్లూ విని విని చెల్లెలికీ సగం శాస్త్రం వచ్చు.

"అంటే అది నాకు పనిచెయ్యదా?"

"పనిచెయ్యకపోవడం కాదే. ప్రాణం మీదికి తెస్తుంది."

"ఖాయంగా తెలుసా?"

"తెలుసు."

"అప్పుడు మైక్రోస్కోపు చూపించినప్పుడూ ఖాయమే అన్నావు."

సీరమ్మ పాయలు విడదీసి జడ అల్లడం మొదలుపెట్టింది.

"నా పేరు అలాగే ఉంచమను" అంది చెల్లెలు. "ఏమైనా నాదే పూచీ అని రాసిస్తా."

"జాబితానే లేదమ్మా. పొద్దున్నే ఉత్తరం పంపాను. ఆపేశారు."

"నన్ను అడక్కుండానా?"

"అడిగితే పంపనిచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని కాదు." చెల్లెలు కిటికీలోంచి రోడ్డుకేసి చూసింది. గొంతు పెంచకుండానే అడిగింది. "ఇన్నేళ్లూ ఈ నొప్పి నేను దేంతో ఓర్చుకున్నానే? ఆ మాత్రలతోనా?"

చెల్లెలు తల ముందుకు లాక్కుంది. సగం అల్లిన జడ సీరమ్మ చేతిలోంచి జారిపోయింది.