చిక్కుడుకాయ దగ్గర ఆగిన వేలు

సోమవారం పొద్దున బియ్యం ఏరుతుంటే టీచరమ్మ తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పోయిందమ్మా. రాత్రి దవాఖానాకు తీస్కపోయేలోపే అయిపోయింది" అన్నాడు. చేట పక్కన పెట్టి గోడవైపు చూస్తూ ఉండిపోయాను. ఆ గోడకు అవతలే ఆమె ఇల్లు. ముందురోజే దాని మీదుగా ఒక కథ కాగితం అందించి, "ఇది ఇంకా గూడెం పెద్దామె వినలే చెల్లె. రేపు తీస్కపోదాం" అంది.

పెనుబల్లిలో పదకొండేళ్లు పక్కపక్క ఇళ్లలో ఉన్నాం. బడి నుంచి రిటైరైనాక ఆమె అడవి అంచున ఉన్న ఒక కోయగూడెంలో సాయంత్రాలు పిల్లలను చదివించేది. వాళ్లు ఇంట్లో మాట్లాడేది కోయ, పుస్తకంలో ఉండేది తెలుగు. అక్షరాలు కూడబలుక్కునేవారు, అర్థం మాత్రం అందేది కాదు. "వాళ్లింటి ముచ్చటే రాసిస్తే ఎందుకు చదవరో చూస్త" అని ఆమె ఫోన్‌లో కృత్రిమ మేధతో కథలు రాయించడం నేర్చుకుంది. పిల్లలు చెప్పిన సంగతి ఆమె ఫోన్‌కు చెబితే, అది చిన్న కథ అల్లి ఇచ్చేది. దాన్ని అచ్చు తీయించి పంచేది.

ఫోన్‌ను కూడా వెనక బెంచీ పిల్లవాడిలాగే చూసేది. చీర కొంగుతో అద్దం తుడిచి, "ఇంత పొడుగు వాక్యమా? చదివేటోళ్లకు ఊపిరాడొద్దా? మల్ల రాయి" అని గదమాయించేది. ఆటోలో పక్కవాళ్లు నవ్వినా పట్టించుకునేది కాదు.

నా పని రిజిస్టరు. గ్యాస్ బండ మార్చిన తేదీతో సహా అన్నీ రాసిపెట్టుకునే అలవాటు చూసి నన్ను వెంటబెట్టుకుంది. ఎవరు ఎన్ని వాక్యాలు చదివారు, ఏ మాట దగ్గర ఆగారు అని గడులు గీసి రాసేదాన్ని. ఆగిన మాటలను ఆమె తరువాతి కథలో మళ్లీ రాయించేది.

లచ్చి అనే తొమ్మిదేళ్ల పాపకు నా రిజిస్టరులో మూడు నెలలు ఒకే వరుస: "చదవలేదు". నాయనమ్మ దగ్గర పెరుగుతున్న పిల్ల. నిరుడు చలికాలంలో ఒకరోజు, తమ ఇంటి కప్పు మీద నాయనమ్మ చిక్కుడు తీగ పాకించిందని తనంతట తానే చెప్పింది. టీచరమ్మ మొహం వెలిగిపోయింది. మరునాటికి కథ తయారు. లచ్చి వేలు పెట్టి ఆరు వాక్యాలు ఆగకుండా చదివింది. ఏడో వాక్యం దగ్గర వేలు ఆగింది. ఎంత అడిగినా పెదవి కదపలేదు. కాగితం పక్క పిల్లకిస్తే ఆ పిల్లా అంతే. వరుసగా నలుగురూ అక్కడే ఆగారు. నేను నాలుగు గడుల్లోనూ "చదవలేదు" అని రాశాను.

ఆ వాక్యం ఇది: "పాప నాలుగు చిక్కుడుకాయలు కోసి, కూర వండించుకుని తిన్నది."

చీకటి పడకముందే సంగతి తెలిసి లచ్చి నాయనమ్మ ఇద్దరు మగవాళ్లను వెంటేసుకుని వచ్చింది. గూడెంలో ఆమె మాటంటే మాటే. అందరూ పెద్దామె అంటారు.

"ఏంది టీచరమ్మా, మా పిల్లతోని ఏం చదివిస్తున్నవ్? కొత్తల పండుగ చెయ్యకుండ, కొత్త కాయ ముందుగాల దేవరకు పెట్టకుండ, తిన్నదంటవా మా పిల్ల?"

"అది ఫోన్ రాసింది..." అన్నాను.

"ఫోన్‌కు చేనున్నదా? దేవరున్నడా?" అంది ఆమె. వెంట వచ్చినవాళ్లలో ఒకాయన నా రిజిస్టరు వైపు చూపుతూ అన్నాడు, "గిది కూడా అండ్ల రాస్తవా అమ్మా?"

టీచరమ్మ లేచి నిలబడింది. "తప్పు ఫోన్‌ది కాదు పెద్దామా, నాది. చదివి చూడకుండ పిల్లల చేతుల పెట్టిన" అంది. పెద్దామె లచ్చి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. లచ్చి వెనక్కి తిరిగి కాగితం వైపే చూస్తూ నడిచింది.

తిరుగు దారిలో ఆటోలో టీచరమ్మ నా రిజిస్టరు అడిగి తీసుకుంది. "చదవలేక ఆగలే చెల్లె, చదివింది కాబట్టే ఆగింది. దిద్దు." కొట్టివేతలు లేని నా పుస్తకంలో ఆ రోజు నాలుగు కొట్టివేతలు పడ్డాయి.

తరువాత నాలుగు సాయంత్రాలు ఒక్క పిల్లా రాలేదు. ఆమె రోజూ వెళ్లి చాప పరిచి కూర్చుంది. పిల్లలు దూరంగా చెట్ల చాటు నుంచి చూసేవారు. మాటలు ఇప్పుడిప్పుడే అందుతున్న లచ్చికి ఇక పుస్తకం దూరమైపోతుందని నాకు భయంగా ఉండేది. అయిదో రోజు ఆమె చాప చుట్టి చంకన పెట్టుకుని నేరుగా పెద్దామె వాకిట్లోకే నడిచింది.

"పండుగ గాని కాయ మీరు తినరు గదా. ఇగ నుంచి నువ్వు వినని కథ పిల్లలకు పెట్ట. నువ్వు అవ్ అంటేనే."

పెద్దామె చాలాసేపు కోయలో ఏదో అంది. లచ్చి గుంజ చాటు నుంచి తెలుగులో చెప్పింది: "ముందుగాల నన్నే సదువుమంటాంది."

అలా మొదలైంది. లచ్చి తెలుగులో చదివి, కోయలో నాయనమ్మకు చెప్పేది. పెద్దామె దిద్దినదాన్ని టీచరమ్మ ఫోన్‌కు చెప్పేది. ఏడాది అట్లాగే నడిచింది. లచ్చి చదువు ఆ వాకిట్లోనే గట్టిపడింది.

మొన్న నేనొక్కదాన్నే టీచరమ్మ గోడ మీదుగా ఇచ్చిన ఆ కాగితం తీసుకుని వెళ్లాను. కథ లచ్చి చెప్పిందే, ఇప్పపూలు ఏరడం గురించి. పెద్దామె నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"టీచరమ్మ పాయె. ఇగ తప్పొస్తే ఎవరినడగాలె?"

ఫోన్‌ను గదమాయించడం నాకు రాదు. కోయ రాదు. రాసుకోవడం తప్ప ఏమీ రాదు. "నన్నడుగు పెద్దామా" అన్నాను.

లచ్చి చాప తెచ్చి పరిచింది. టీచరమ్మ కూర్చునే మూల వదిలేసి కూర్చుని చదవసాగింది. అయిదో వాక్యం దగ్గర వేలు ఆగింది. నా చేతిలో పెన్ను ఉంది, ఏమీ రాయలేదు. లచ్చి నా వైపు చూడలేదు, నాయనమ్మ వైపు చూసి మెల్లగా కోయలో అడిగింది. పెద్దామె అవ్ అన్నట్టు తల ఊపింది.

వేలు ఆరో వాక్యం మీదికి జరిగింది. వాళ్ల కప్పు మీద చిక్కుడు తీగ ఈ ఏడూ విరగకాసింది. పండుగ ఇంకా కాలేదు. ఒక్క కాయా ఎవరూ కోయలేదు.