చేంతాడు కట్టిన పీట

మా ఊరి స్టేషన్‌కు చరిత్ర ఉందని ఎవరూ అనుకోరు. నేను అనుకుంటాను. అక్షరాలు నేర్చుకున్నది మనవరాలు బడికి పోవడం మొదలుపెట్టాక కాబట్టి, ఆ చరిత్రను నేను బోర్డుల మీద చదవలేదు. రైలు మెట్టు ఎక్కి తెలుసుకున్నాను.

కాపురానికి వచ్చినప్పుడు ఆ మెట్టు నా మోకాటి దగ్గర ఉండేది. అప్పుడు స్టేషన్ మాస్టరు ఉండేవాడు, గంట ఉండేది, బొగ్గింజను నీళ్లు తాగే తొట్టి ఉండేది. కరువులో మేమూ అక్కడే బిందెలు నింపుకున్నాం. బొగ్గింజను పోయింది, తొట్టి ఎండింది. తర్వాత మాస్టరును తీసేశారు. గదికి తాళం పడి, గుమ్మంలో కానుగ మొక్క లేచింది. పట్టాలు మార్చిన ప్రతిసారీ కింద కంకర పోసి ఎత్తు పెంచారు. మట్టి ప్లాట్‌ఫారం మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. మెట్టు నా తొడ దాటింది.

"రైలు పెరగలేదత్తా, నువ్వే కుంగినావు" అంటుంది కోడలు. రెండూ నిజమే కావచ్చు.

పోయిన అనపకాయల కాలంలో ఒకరోజు, అనంతపురం మార్కెట్టుకు పోయే పొద్దుటి ప్యాసింజరు ఆగింది. నాతోపాటు కాయలమ్మే వదిన ముందు ఎక్కి నా గంప అందుకుంది. నేను కమ్మీ పట్టుకుని కాలెత్తేలోగా రైలు కదిలింది. గంప పోయింది, నేను మిగిలాను.

సాయంత్రం వదిన ఖాళీ గంప తెచ్చింది. "నీకన్నా నీ కాయలే నయం వదినా, టికెట్టు లేకుండా పోయినాయి" అని నవ్వింది.

కోడలు నవ్వలేదు. "ఇంగ చాలు. కాయలు ఆయమ్మతో పంపు. నువ్వు ఇంట్లో కూసో."

కూర్చుంటే మళ్లీ లేవనని నాకు తెలుసు. నా కాయలు నేను అమ్ముకున్నన్నాళ్లే ఆ ఇంట్లో నా మాటకు చోటు.

బావి ఎండిపోయినప్పటి నుంచీ చూరుకు వేలాడుతున్న చేంతాడును దించాను. దాని కొసను ఎత్తు పీట కాలికి ముడివేశాను. మర్నాడు రైలు ఆగగానే మెట్టు ముందు పీట వేశాను. వదిన ఎక్కింది, గంపలు ఎక్కాయి, నేను ఎక్కాను. ఎక్కి చేంతాడు లాగితే, బావిలోంచి చేద వచ్చినట్టు పీట పైకి వచ్చింది.

వెనక పెట్టెలోంచి గార్డు తల బయటపెట్టి అరిచాడు. "ఏమవ్వా, రైలుకు నిచ్చెన తెస్తివా?"

"నువ్వు రైలు దించప్పా, నేను పీట మానుకుంటా!"

"కాలు జారితే ఎవురిది పూచీ?"

"నిన్న నన్ను ఇడిసిపెట్టి పోతిరే, దానికెవురిది?"

గార్డు తల లోపలికి తీసుకుని పచ్చజెండా ఊపాడు.

మర్నాడూ పీట వేశాను. ఆ మర్నాడూ వేశాను. ఇప్పుడు కడుపుతో ఉన్న ఆడపిల్లలు, కర్ర పట్టుకున్న ముసలివాళ్లు నేను నిలబడే చోటే వచ్చి నిలబడతారు. అందరూ ఎక్కాక చివర నేను ఎక్కుతాను. కోడలు సణుగుతూనే ఉంటుంది. చేంతాడు తెగిననాడు మాత్రం తనే గట్టి ముడి వేసి ఇచ్చింది.

పచ్చజెండా ఊపేముందు గార్డు ఇటువైపు చూస్తాడు. పీట పైకి వచ్చేదాకా ఊపడు.