వరప్రసాద్ విప్పిన లైట్లు

కృష్ణానగర్‌లో ఒక్క డైలాగు కూడా లేకుండా పదకొండేళ్లు నెట్టుకొచ్చినవాడు నా గది మిత్రుడు వరప్రసాద్. పెళ్లి సీన్లలో అక్షింతలు వేశాడు, కోర్టు సీన్లలో వెనక బెంచీలో తల ఊపాడు, విలన్ల చేతిలో నూట నలభైసార్లు చచ్చాడు. లెక్క నాది. ఇంటర్ సగంలోనే కాలేజీకి నేను సెలవిచ్చేశాను గానీ లెక్కల్లో నన్ను కొట్టేవాడు ఫిల్మ్‌నగర్ కొండ మీద కూడా లేడు. ఇన్ని చావుల్లోనూ వాడు నోరు విప్పే అవకాశం మాత్రం రాలేదు. చివరికి దాన్ని తెచ్చింది భీమవరం నుంచి వాడు తోలుకొచ్చిన పాత తెల్ల కారు.

ఒక సినిమాలో వానలో ఇంటికొచ్చే కారు కోసం దాన్ని కిరాయికి తీసుకుని, డ్రైవరుగా వాణ్నే కూర్చోబెట్టారు. మొదటి షెడ్యూల్లో బండి గేటు దాటింది. మిగతా సగం మూడు నెలల తర్వాత. బండి వాకిట్లో ఆగుతుంది, డ్రైవరు అద్దం దించి, "అమ్మా, అయ్యగారు రాలేదు. బండొక్కటే వచ్చింది" అంటాడు. ఆ అయిదు మాటల్నీ వాడు గోడలకు చెప్పాడు, పాలవాడికి చెప్పాడు, ఇంటి ఓనరుకు చెప్పాడు. ఆయన నిజంగానే ఎవరో పోయారనుకుని కాఫీ ఇప్పించాడు.

బండికి ఉన్న లోపమల్లా లైట్లు. ఎండకు పండి పసుపెక్కిపోయాయి. ఎంత మసకంటే, మిణుగురులు జాలిపడి ముందు ఎగురుతూ దారి చూపించేవి. కొత్త షెడ్యూలుకు బండి తళతళలాడాలని వాడికి పట్టుదల. మోతీనగర్‌లో లైట్ల పని చేసే వీరభద్రం మూడు వేలవుతుందన్నాడు, రెండు రోజులు బండి వదిలి వెళ్లమన్నాడు. దిగాలుగా తిరిగొచ్చిన వాణ్ని చూసి నేను ఊరుకోవచ్చు కదా. మంత్రిగారి కాన్వాయ్ లైట్లన్నీ ఒక్క మధ్యాహ్నంలో విప్పి బిగించిన చేతులివి అన్నాను. నిజానికి నేను విప్పింది ఒక సైకిల్ డైనమో. బిగించడం కుదరలేదు. వాడు నమ్మాడు.

షూటింగు ముందురోజు పొద్దున్నే పక్క గదిలోని హెయిర్ డ్రెస్సర్ త్రిపురసుందరి గారి డ్రయ్యర్ అడిగి తెచ్చుకున్నాం. హీరోయిన్ల జుట్టు ఆరబెట్టే ఆ యంత్రంతో లైటు అంచున జిగురు మెత్తబరిచి, నేను చెబుతుంటే వాడు స్క్రూడ్రైవరుతో ముందు అద్దం ఊడదీశాడు. పసుపంతా గరుకు కాగితంతో గీకేశాడు. లోపలి వెండిపూత మీద దుమ్ముందని టూత్‌పేస్టు రాసి రుద్దాడు. పాత వైర్లు కోసి, తెల్లటి ఎల్‌ఈడీ బల్బులు తగిలించి, జాయింట్లకు టేపు చుట్టాడు. మధ్యాహ్నానికి బండి కొత్త పెళ్లికొడుకులా నిలబడింది. వాడు ఫోటో తీసి అసిస్టెంట్ డైరెక్టర్ మహతికి పంపాడు, మెచ్చుకుంటుందని.

నిమిషంలో ఫోనొచ్చింది. మొదటి సగంలో పసుపు లైట్లు పడ్డాయట. బండి గేటు దగ్గర పసుపుగా ఉండి వాకిట్లోకి రాగానే తెల్లగా మారితే థియేటర్లో జనం నవ్వుతారట. "రేపు తొమ్మిదికి పాత లైట్లతో రావాలి ప్రసాద్ గారూ. లేదంటే వేరే బండి పెడతాం. దానికి దాని డ్రైవర్ ఉన్నాడు" అని పెట్టేసింది.

వాడు గబగబా పాత బల్బులు పెట్టి చూశాడు. వెలుతురు బంపరు దాటి రాలేదు. వెండిపూత టూత్‌పేస్టుతో పాటే వచ్చేసింది. వాడు బంపరు పక్కన కూలబడిపోయాడు. అన్నం పెడితే తినలేదు, నన్ను తిట్టనూ లేదు. పొద్దుటి నుంచీ వాడి నోట ఆ అయిదు మాటలు ఒక్కసారి కూడా రాలేదని అప్పుడే గమనించాను. నాకు భయమేసింది.

వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని మోతీనగర్‌కు బండి నేనే తోలాను. వీరభద్రం లైట్ల లోపల వేలు పెట్టి రుద్ది, ఆ వేలు వాసన చూశాడు.

"పండ్లనుకున్నవా తమ్మీ, పేస్టు పెట్టి తోమినవ్?"

"ఎలాగైనా మళ్లీ పసుపుగా చేయండి, మీకు దణ్ణం పెడతాను" అన్నాడు వరప్రసాద్.

"ఊరంతా పసుపు తియ్యమని నా కాడికొస్తది. పెట్టుమని వచ్చినోనివి నువ్వొక్కనివే."

అయినా లేచి, షాపు వెనక తుక్కులో మోకాళ్లలోతు దిగి వెతికాడు. చీకటి పడేలోగా సరిగ్గా ఆ రంగుకే పండిన పాత జత ఒకటి తెచ్చి బిగించాడు. వైర్లు కూడా మళ్లీ చేస్తానంటే వరప్రసాద్ వద్దన్నాడు. "ఆ జాయింట్లు నేను వేసినవండీ, గట్టిగా ఉన్నాయి" అన్నాడు. అంత పనిలో తనదంటూ ఆ కాస్తయినా మిగలాలని కాబోలు. వీరభద్రం నవ్వి, తన లైట్లు సినిమాలో ఎట్లా పడతాయో చూస్తానని మర్నాడు తనూ వచ్చాడు.

స్టూడియో ఫ్లోరంతా చీకటి చేసి, పైపుల్లోంచి వాన కురిపించారు. మహతి పాత స్టిల్‌తో పోల్చి సరిపోయిందంది. బండి కదిలింది. పది గజాలు రాకముందే రెండు లైట్లూ ఆరిపోయాయి. టేపు ఊడి జాయింట్లలోకి నీళ్లు దిగాయి. డైరెక్టరు తలెత్తకుండానే ఆ రెండో బండిని పిలవమన్నాడు. స్టీరింగు మీదున్న వరప్రసాద్ చేతులు కదలలేదు. మహతి పది నిమిషాలు అడిగింది.

వీరభద్రం వానలోకి ఉరికాడు. తడిసిన జాయింట్లు తెంపేసి, పొడవాటి వైర్లు తగిలించి, పెడల్స్ పక్క కంతలోంచి లోపలికి లాగాడు. తనూ లోపలికి దూరి, కెమెరాకు కనబడకుండా డాష్‌బోర్డు కింద ముడుచుకుని, రెండు చేతులతో వైర్ల కొసలు కలిపి పట్టుకున్నాడు. నిండు మనిషి, అయినా సూట్‌కేసులో చొక్కాలా మడతపడ్డాడు. ఇది మాత్రం నేను కల్పించింది కాదు.

బండి వచ్చి ఆగింది. పసుపు వెలుగులో వాన మెరుస్తోంది. అద్దం దిగింది. వరప్రసాద్ నోరు తెరిచాడు. మాట రాలేదు. పదకొండేళ్లు ఎదురుచూసిన అయిదు మాటలూ ఎటో పోయాయి. నేను కెమెరా వెనక నిలబడి పెదాలు కదుపుతున్నాను, వాడికి కనిపించదని తెలిసీ. అప్పుడు కింద చేతులు ఖాళీ లేని వీరభద్రం తలతో వాడి మోకాలికి ఒక్కటిచ్చాడు.

"అమ్మా..." అన్నాడు వాడు. "అయ్యగారు రాలేదు. బండొక్కటే వచ్చింది."

డైరెక్టరు కాసేపు మానిటర్‌నే చూసి ఓకే అన్నాడు.

వాన ఆపేశారు. జనం కదిలారు. లైట్లు మాత్రం ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. నేను వెళ్లి తలుపు తీశాను. వరప్రసాద్ ముందుకే చూస్తూ కూర్చున్నాడు.

"నా గొంతు ఎలా వినిపించిందండీ?" అని కింది మనిషిని అడిగాడు.

"గొంతు నాకేడ ఇనవడ్డది? నీ మోకాళ్ల సప్పుడే ఇన్న. చేతులు గుంజుతున్నయ్ తమ్మీ, ఇడిసిపెట్టాల్నా?"

"వద్దండీ, ఇంకాసేపు పట్టుకోండి. మళ్లీ టేకు అడుగుతారేమో."